కొన్న యంత్రమునకు తాళమెవరిది?

గోదావరి మండలములలో పెరిగినవారికి లాకు అనగానే తలుపునకు వేయు తాళముకంటె ముందు కాలువమీది లాకు జ్ఞప్తికి వచ్చును. ధవళేశ్వరమువద్ద ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప డెల్టా కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు దారియు నైనవి. కాలువలో నీటిమట్టము ఒక్కసారిగా దిగు చోట్ల లాకులు కట్టిరి. పడవ వచ్చి రెండు తలుపుల నడుమ ఆగును. వెనుకటి తలుపు మూసి నడుమనున్న నీటిని మెల్లగా వదలుదురు. నీటితోపాటు పడవయు దిగును; అప్పుడు ముందరి తలుపు తెరువబడును. రెండు తలుపులను ఎన్నడును ఒక్కసారి తెరువరు. పడవ సరంగుది, తలుపు ప్రభుత్వముది. ఇందులో సరంగునకు ఫిర్యాదు లేదు. లాకు లేనిచో అతని పడవయే సాగదు గదా!

ఇప్పటి యంత్రములలోను లాకులున్నవి. వాటికి నీటితో పనిలేదు గాని మట్టములతో పని గలదు. ఒక వస్తువు ఒకచోట తక్కువ వెలకును మరియొకచోట ఎక్కువ వెలకును అమ్ముడుపోవునపుడు, ఆ రెండు మట్టములు కలిసిపోకుండ నిలుపుటకు యంత్రములో ఒక చిన్న చిప్పును కాపలా పెట్టుదురు. యంత్రమును డబ్బిచ్చి కొన్నవాడు ఆ కాపలాను దాటింపజేసికొనిన, అది నేరమగునా? ఇంచుమించు ఇట్టి ప్రశ్నయే 2005వ సంవత్సరములో డెబ్బది దినముల లోపల రెండు న్యాయస్థానములలో విచారణకు వచ్చి తేలినది. ఒకటి హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. రెండవది కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా హైకోర్టు. హైదరాబాదులో వివాదము సెల్‌ఫోనును గూర్చినది; కాన్‌బెరాలో పిల్లలాడుకొను వీడియో ఆటపెట్టెను గూర్చినది. రెండింటిలోను న్యాయమూర్తులు శాసనములతోపాటు యంత్రము లోపలి సంగతులనుగూడ తెలిసికొనవలసి వచ్చినది. ముందుగా ఆటపెట్టె సంగతి చూచినచో సెల్‌ఫోను సంగతి సులభముగ బోధపడును.

జపానులోని నింటెండో సంస్థ 1983లో 'ఫ్యామిలీ కంప్యూటర్' అను ఆటపెట్టెను విడుదల చేసెను. దానిలో తాళమేమియు లేదు. ఆటగల క్యాసెట్టును ఎవరు తయారుచేసినను పెట్టె దానిని ఆడించును. 1990 ప్రాంతములలో మన పట్టణములలో టి.వి.కి తగిలించుకొని ఆడుటకు అమ్మిన చవుక ఆటపెట్టెలలో చాలభాగము ఈ జపాను పెట్టెకు అనుకరణలే. ఒక్క క్యాసెట్టులో పదులకొలది ఆటలు వచ్చుటయు, పొరుగింటి పిల్లవాని క్యాసెట్టు మన పెట్టెలోను ఆడుటయు ఆనాటి పిల్లల అదృష్టము కాదు. మూలయంత్రములో తాళము లేకపోవుటయే అందులకు కారణము.

ఆ యంత్రమునే 1985లో అమెరికాలో వేరు రూపమున అమ్మజూపినపుడు నింటెండో తన పద్ధతి మార్చుకొనెను. పెట్టెలో ఒక చిప్పును, ప్రతి క్యాసెట్టులోను అటువంటిదే మరియొక చిప్పును పెట్టెను. ఈ రెండును ఒకే గడియారపు తాళమునకు ఒకే లెక్కను చేయుచు, ఫలితములను ఒకదానికొకటి చెప్పుకొనుచుండును. బడిలో పంతులును పిల్లవాడును కలిసి ఎక్కములు వల్లించినట్లు ఊహించుకొనవచ్చును. పిల్లవాడు తప్పినచో పంతులు మొదటికి రమ్మనును. అట్లే క్యాసెట్టులోని చిప్పు తప్పుచెప్పినను, అసలు లేకపోయినను, పెట్టెలోని చిప్పు యంత్రమును మాటిమాటికి మొదటికి తెచ్చును. తెర మిణుకుమిణుకుమనుట తప్ప ఆట సాగదు. రెండు చిప్పులును ఒకటే రకము గనుక, ఎవరు పంతులో ఎవరు పిల్లవాడో ఒక పిన్నుమీది విద్యుత్తునుబట్టి నిర్ణయమగును. మరమ్మతుదారులు కనుగొన్న చిట్కా ఇక్కడనే యున్నది. పెట్టెలోని చిప్పునకుగల 4వ పిన్నును కత్తిరించినచో అది తానును పిల్లవాడనే అనుకొనును. ఇక తప్పుపట్టువాడెవడు? ఒక్క పిన్ను తెగుటతో తాళము తాళముగనే యుండి పనిచేయుట మానును.

అటారీ గేమ్స్ అను సంస్థ ఇంతకంటె పెద్దదారి త్రొక్కెను. అది చిప్పు పైపొరలను తొలగించి లోపలి కట్టడమును పరీక్షించెను. అది చాలనందున, వ్యాజ్యము నడచుచున్నదని అబద్ధము చెప్పి అమెరికా కాపీరైటు కార్యాలయమునుండి తాళపు ప్రోగ్రాము ప్రతిని సంపాదించెను. 1992లో అమెరికా అప్పీలు న్యాయస్థానము దీనిని తప్పుపట్టెను. కాని అదే తీర్పులో, న్యాయముగ చేతికివచ్చిన యంత్రమును విప్పి అది పనిచేయు తీరును తెలిసికొనుట దానంతటది నేరము కాదను భావమును వెలిబుచ్చెను. విద్యార్థులు గుర్తుంచుకొనదగిన తేడా ఇది. తాళమును చదువుట వేరు, తాళపుచెవిని అబద్ధమాడి తెచ్చుకొనుట వేరు.

మాడ్ చిప్ అను మాట ఊరూర ప్రాకినది మాత్రము సోనీ సంస్థవారి 'ప్లేస్టేషన్' వలన. అది 1994 డిసెంబరులో జపానులో విడుదలైనది. ఇందులో ఆటలు క్యాసెట్టులపై గాక సి.డి.లపై వచ్చినవి. క్యాసెట్టులో చిప్పు పెట్టవచ్చును, సి.డి. వట్టి ప్లాస్టిక్కు పళ్లెము, అందులో చిప్పు పెట్టుట కుదరదు. కావున తాళపుచెవిని సి.డి.మీది గీతలోనే దాచవలసి వచ్చినది.

సి.డి.పై సమాచారము ఒకే గీతగా లోపలినుండి వెలుపలికి చుట్టలు తిరిగి పోవును. పక్కపక్క చుట్టల నడుమ దూరము 1.6 మైక్రానులు మాత్రమే. ఒక మిల్లీమీటరు వెడల్పులో ఆరువందల చుట్టలకు పైగా పట్టును. గీత పొడవున సన్నని గుంటలుండును. లేసరు కిరణము వాటిపై పడి తిరిగివచ్చునపుడు కలుగు హెచ్చుతగ్గులనుండి యంత్రము ఒకట్లను సున్నలను తెలిసికొనును. సాధారణమైన సి.డి.లో ఈ గీత తిన్నగ పోవును. ప్లేస్టేషన్ సి.డి.లో అన్నిటికంటె లోపలనున్న ప్రారంభపు చుట్టలలో మాత్రము అది పామునడకవలె రవంత అటునిటు ఊగును. ఆ ఊపులలో నాలుగక్షరములు వ్రాయబడియుండును. జపానులో అమ్మిన వాటిలో ఎస్, సి, ఇ, ఐ. అమెరికా వాటిలో చివరి అక్షరము ఎ. ఐరోపా వాటిలో ఇ. పెట్టె తాను పుట్టిన ప్రాంతపు అక్షరములు కనబడిననే ఆటను మొదలుపెట్టును.

ఇంట కంప్యూటరుతో సి.డి.కి నకలు తీసినచో ఈ ఊపు రాదు. తాటాకు గ్రంథమునకు ప్రతి వ్రాయువాడు అక్షరములన్నిటిని ఎత్తివ్రాయును గాని, మూలములో పంక్తి ఎక్కడ వంకరపోయినదో దానిని ఎత్తివ్రాయడు. సి.డి. రికార్డరును అంతే. అది ఒకట్లను సున్నలను మాత్రమే ఎరుగును. పైగా ఖాళీ సి.డి.మీద గీత ఫ్యాక్టరీలోనే పడియుండును గనుక దాని నడకను మార్చుటకు వీలుండదు. తాళము చాల తెలివిగలది అనక తప్పదు. ఆటలోని ప్రతి బిట్టును నకలుకు ఎత్తుకొనవచ్చును, కాని ఆ నకలు పెట్టెలో ఆడదు.

దీనికి విరుగుడు కనిపెట్టినవారు సి.డి. జోలికే పోలేదు. పెట్టెలో ఆ ఊపులను చదివి నాలుగక్షరములను కాపలా చిప్పునకు చేరవేయు తీగ ఒకటి గలదు. ఆ తీగమీద తామే ఆ అక్షరములను పలికినచో చాలును. అందులకు మైక్రోచిప్ సంస్థవారి పి.ఐ.సి. 12సి508 అను చవుక చిప్పు సరిపోయెను. దానికి 8 పిన్నులు; 512 ఆదేశములకును, 25 బైట్ల పని స్మృతికిని చోటు కలదు. ఈ మాటలు సెకనుకు 250 బిట్ల వేగమున పోవును. ఈనాటి లెక్కలో నత్తనడక. అందుచేతనే ఇంత చిన్న చిప్పు ఆ పని చేయగలిగినది. పెట్టె విప్పి, కొద్ది తీగలను సోల్డరు చేసి, చిప్పును ఒక మూలన అతికించినచో, పెట్టెలో ఏ సి.డి. వేసినను కాపలాకు 'నేను మీవాడనే' అను మాట వినబడుచుండును. జపానులో న్యాయముగ కొన్న సి.డి. ఐరోపా పెట్టెలో ఆడును; నకలు సి.డి.యు ఆడును. ఈ చిప్పు రెండింటికిని తేడా నెరుగదు. వివాదమంతయు ఈ ఒక్క వాక్యములో నున్నది.

తరువాత తాళము వేయువారును తీయువారును ఒకరినొకరు తరుముకొనిరి. మాడ్ చిప్ అదేపనిగ అక్షరములను పలుకుచుండుటను కొన్ని కొత్త ఆటలు పసిగట్టెను. ఊపులులేని చోటగూడ అక్షరములు వినబడినచో లోపల పరాయివాడున్నట్లే గదా! అప్పుడు అవసరమైన క్షణమున మాత్రమే పలికి తక్కిన వేళల మౌనము వహించు చిప్పులు వచ్చినవి. 2001లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌బాక్స్‌ను విడుదలచేసి, దాని రహస్యపు తాళపుచెవిని చిప్పులోపలి 512 బైట్ల భాగములో దాచెను. మరుసటి సంవత్సరము అమెరికాలోని ఎం.ఐ.టి.లో పరిశోధకుడైన ఆండ్రూ హువాంగ్, రెండు చిప్పుల నడుమ మహావేగముతో పోవు సంకేతములను తానే తయారుచేసిన పరికరముతో మధ్యలో విని ఆ రహస్యమును బయటపెట్టెను. తాళము గట్టిదే. కాని తాళపుచెవి ఒక చిప్పునుండి మరియొక చిప్పునకు వీధివెంట నడచిపోయినది.

సరిగా ఈ కాలముననే హైదరాబాదులో వేరొక తాళముమీద తగవు మొదలైనది.

2002 డిసెంబరు చివర రిలయన్స్ ఇన్ఫోకాం సంస్థ సి.డి.యం.ఏ. పద్ధతి సెల్‌ఫోను సేవలను ప్రకటించెను. ఫోనులు అప్పటికి మధ్యతరగతివారికి అందని వస్తువులు. ఆ సంస్థ పథకము ప్రకారము 10,500 రూపాయల విలువగల ఫోనును మొదట 3,350 రూపాయలు కట్టి తీసికొనిపోవచ్చును. షరతు ఏమనగా, నెలకు 600 రూపాయల చొప్పున మూడేండ్లు ఆ సంస్థ సేవలనే వాడుకొనవలెను. మూడేండ్లకు ఖాతాదారు కట్టునది మొత్తము 24,950 రూపాయలు. ఎల్.జి., శాంసంగ్ సంస్థలు తయారుచేసిన ఆ ఫోనులు రిలయన్స్ సేవలకు మాత్రమే పనిచేయునట్లు తాళము వేయబడి వచ్చినవి. ఫోను వెలకును మొదట కట్టిన సొమ్మునకును నడుమ 7,150 రూపాయల తేడా గలదు. పైనున్న నీరు ఒక్కసారిగా క్రిందికి పడకుండ ఈ మట్టమును నిలుపుటకే ఆ లాకు.

అదే పట్టణములో టాటా ఇండికాం అను పేరుతో మరియొక సంస్థ అదే సి.డి.యం.ఏ. పద్ధతిలో సేవలందించుచుండెను. రిలయన్స్ ఫోనులు కొన్నవారు కొందరు మూడేండ్లు కాకమునుపే టాటా సేవలకు మారిరని, టాటా ఇండికాం ఉద్యోగులు ఆ ఫోనుల లోపలి సంఖ్యలను మార్చి అందులకు తోడ్పడిరని ఆరోపణ వచ్చినది. 2003లో హైదరాబాదులోని సి.ఐ.డి. పోలీసులు కేసు నమోదుచేసిరి. అప్పటి భారత శిక్షాస్మృతిలోని నమ్మకద్రోహము, మోసము, కుట్ర అను నేరములు అందులో చేరినవి. వాటితోపాటు 2000 నాటి సమాచార సాంకేతిక శాసనములోని 65వ సెక్షను, 1957 నాటి కాపీరైటు శాసనములోని 63వ సెక్షను కూడ చేర్చిరి. నిందితులైన ఉద్యోగులు కేసును కొట్టివేయుమని హైకోర్టుకు పోయిరి.

ఆ సంఖ్యలేవో కొంచెము చూడవలెను. సి.డి.యం.ఏ. ఫోనునకు రెండు గుర్తులుండును. ఒకటి పది అంకెల మొబైలు గుర్తింపు సంఖ్య. ఇది సేవలందించు సంస్థ ఇచ్చునది. రెండవది ఫోను తయారగునపుడే దాని స్మృతిలో పడు 32 బిట్ల సంఖ్య. మనిషికి వ్రేలిముద్ర యెట్టిదో ఫోనునకు అది అట్టిది. 32 బిట్లతో 429 కోట్లకు పైగా వేరువేరు సంఖ్యలు ఏర్పడును. అందులో మొదటి 8 బిట్లు తయారుదారును తెలుపును. ఫోను తెరువగానే ఈ రెండు గుర్తులును గాలిలో పోయి సంస్థ కేంద్రమును చేరును. కేంద్రములోని కంప్యూటరు తన పట్టీలో ఈ జంట ఉన్నదా యని చూచును. ఉన్నచో పిలుపు సాగును, లేనిచో సాగదు. ఆటపెట్టెలో కాపలా పెట్టెలోనే యుండెను. ఇక్కడ కాపలా కొంత ఫోనులోను, కొంత ఎక్కడో దూరముననున్న కంప్యూటరులోను ఉన్నది.

ఉద్యోగుల తరపు వాదములో బలముగల భాగములు రెండు. ఒక ఖాతాదారు ఒక సంస్థను విడిచి మరియొక సంస్థకు పోరాదని ఏ శాసనమును చెప్పలేదు అనునది మొదటిది. 65వ సెక్షను 'కంప్యూటరు మూల సంకేతమును' మార్చుటనుగూర్చి చెప్పును. చేతిలోని ఫోను కంప్యూటరే కాదు, పైగా దాని సంకేతమును భద్రపరుపవలెనని నిర్బంధించు చట్టమును లేదు, అనునది రెండవది. 2003లో ఈ రెండవ మాట విన్నవారెవరును నవ్వియుండరు. కంప్యూటరు అనగా బల్లపై తెరయు, మీటలపలకయు గల వస్తువేనని ఆనాటివారిలో చాలమంది తలంపు.

2005 జూలై 29న జస్టిస్ వి.వి.యస్. రావు తీర్పు చెప్పిరి. సెల్‌ఫోను ఎట్లు పనిచేయునో, నగరమును గదులు గదులుగా ఎట్లు విభజింతురో, పైన చెప్పిన సంఖ్యలేమి చేయునో ఆ తీర్పులో వివరింపబడినది. పిదప శాసనములోని నిర్వచనమును తీసికొని యంత్రముతో పోల్చిరి. శాసనము ప్రకారము కంప్యూటరు అనగా విద్యుత్సంకేతములతో తర్కము, గణితము, స్మృతి అను పనులు చేయు సమాచార సాధనము. సెల్‌ఫోను ఈ మూడు పనులును చేయుచున్నది గనుక అది కంప్యూటరే అని తేల్చిరి. ఇక 'భద్రపరుపవలెను' అను అభ్యంతరము. శాసనములో మూల సంకేతము ఉంచబడినది లేక చట్టముచే ఉంచవలసినది అను అర్థమున 'లేక' అను మాట యున్నది. ఆ రెండింటిలో ఏ ఒక్కటి సరిపడినను చాలునని కోర్టు అన్నది. కావున 32 బిట్ల సంఖ్యను మార్చిరను ఆరోపణ 65వ సెక్షను క్రిందికి రాగలదు. ఆ సెక్షనులో శిక్ష మూడేండ్లవరకు ఖైదు, లేదా రెండు లక్షల రూపాయలవరకు జరిమానా, లేదా రెండును.

నమ్మకద్రోహము, మోసము, కుట్ర అను ఆరోపణలను మాత్రము హైకోర్టు కొట్టివేసెను. తక్కిన రెంటిపై మూడు నెలలలో దర్యాప్తు ముగింపుమని పోలీసులను ఆదేశించెను. ఇది ఉద్యోగులు నేరము చేసిరని చెప్పిన తీర్పు కాదు. ఆరోపణ నిజమైనచో ఏ సెక్షను వర్తించునో చెప్పిన తీర్పు మాత్రమే. ఈ భేదమును మరచి దీనిని ఉదాహరించువారు కలరు. ఆనాడు ఆ హైకోర్టు ఉభయగోదావరి జిల్లాలకును హైకోర్టే గనుక, రాజమహేంద్రవరములోని సెల్‌ఫోను మెకానిక్కు బల్లమీదికి వచ్చు ప్రతి ఫోనును ఆ దినమునుండి చట్టము కంటికి కంప్యూటరయ్యెను. అదే కొలతతో చూచినచో పిల్లల ఆటపెట్టెయు కంప్యూటరే.

కాన్‌బెరా తీర్పు 2005 అక్టోబరు 6న వచ్చినది. అక్కడ స్టీవెన్స్ అను వ్యక్తి ప్లేస్టేషన్లకు మాడ్ చిప్పులు అమ్మి అమర్చుచుండగా సోనీ సంస్థ వ్యాజ్యము వేసెను. 2002లో మొదటి న్యాయమూర్తి స్టీవెన్స్ వైపు, 2003లో అప్పీలు ధర్మాసనము సోనీ వైపు తీర్పు చెప్పిరి. ప్రభుత్వపు వినియోగదారుల సంరక్షణ సంస్థయు కోర్టులో తన మాట వినిపించెను. ఐరోపా, అమెరికా, జపాను అని లోకమును ముక్కలుచేసి, ఒకచోట కొన్నది మరియొకచోట ఆడకుండ చేయు తాళము కొనుగోలుదారునకు నష్టమని దాని వాదము.

ఆస్ట్రేలియా హైకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ స్టీవెన్స్ వైపు మొగ్గిరి. వారి తర్కము సి.డి.మీది గీతవరకు పోయినది. శాసనము రక్షించునది కాపీరైటు ఉల్లంఘనను అడ్డు తాళములను మాత్రమే. ప్లేస్టేషన్ తాళము నకలు తీయుటను అడ్డుచున్నదా? లేదు. నకలును ఎవరైనను తీయవచ్చును. తాళము చేయునదెల్ల ఆ నకలు ఆడకుండ చేయుటయే. నకలు తీయుట అప్పటికే ముగిసినది, తాళము ఆ తరువాత వచ్చును. ఆట ఆడునపుడు పెట్టె స్మృతిలోనికి వచ్చునదిగూడ నకలే కదా యని సోనీ వాదించెను. ఒక్కొక్క వేళ స్మృతిలోనికి వచ్చునది ఆటలో కొద్దిభాగమే గనుక ఆ వాదమును నిలువలేదు.

హైదరాబాదులో అడిగిన ప్రశ్న 'మార్చబడినదని చెప్పు వస్తువు ఏది?' అని. కాన్‌బెరాలో అడిగినది 'తాళము అడ్డుచున్నది దేనిని?' అని. ఈ రెండింటిలో రెండవదే లోతైన ప్రశ్నయని తోచును. ఫోను కంప్యూటరని తెలిసినంతమాత్రమున దాని తాళము కాపీరైటును కాచుచున్నదో, ఒక సంస్థ బేరమును కాచుచున్నదో తెలియదు. హైదరాబాదు ఫోనులలో తాళము కాచినది ముఖ్యముగ మూడేండ్ల ఒప్పందమును. ఒప్పందము తప్పినవానిపై సొమ్ము రాబట్టుకొనుటకు సివిలు కోర్టులున్నవి. కాని గుర్తింపు సంఖ్యలను ఇష్టమువచ్చినట్లు మార్చనిచ్చినచో దొంగిలించిన ఫోనులను పట్టుకొను దారి మూసికొనిపోవును. ఆ భయమునుగూడ త్రోసివేయుటకు వీలులేదు. మాడ్ చిప్ సంగతి ఇంకను చిక్కైనది. అది దేనిని మార్చదు, చెరపదు. ప్రక్కన నిలిచి ఒక మాట పలుకును, అంతే. దానిని 'మూల సంకేతమును మార్చుట' అనుటకు నోరు రాదు.

కోర్టులు చెప్పిన పిదప శాసనసభలు మేలుకొనినవి. ఆస్ట్రేలియా పార్లమెంటు అమెరికాతో చేసికొన్న వాణిజ్య ఒప్పందము ననుసరించి 2006లో తన శాసనమును బిగించెను. అమెరికాలో 1998 నుండియే కఠినశాసనమున్నది. నింటెండో యంత్రములకు తాళము తీయు పరికరములను అమ్మిన ముఠాకు చెందిన ఒకనికి 2022లో అక్కడి కోర్టు 40 నెలల ఖైదు విధించెను. ఈలోగా తాళములు తీయు విద్యయు వేరు పుంతలు త్రొక్కెను. 2011లో ఎక్స్‌బాక్స్ 360 పెట్టెను లొంగదీసినవారు రహస్యమేదియు దొంగిలించలేదు. ప్రోగ్రాము అసలైనదా కాదా యని యంత్రము పోల్చిచూచు క్షణమున దానికి అత్యల్పమైన విద్యుత్తు కుదుపునిచ్చిరి. ఉలికిపడి లెక్క తప్పిన యంత్రము 'సరియే' ననెను.

మన దేశములో మార్పులు ఒకటొకటిగ వచ్చినవి. 2008లో సవరించిన సమాచార సాంకేతిక శాసనము సెల్‌ఫోనులను పేరుపెట్టి ప్రస్తావించుటతో హైదరాబాదులో జరిగిన వాదమునకు మరల చోటు లేకపోయెను. 2011 జనవరి 20 నుండి దేశమంతట ఖాతాదారు తన ఫోను నంబరుతోనే ఒక సంస్థనుండి మరియొక సంస్థకు మారు హక్కు వచ్చినది. 2017లో ఫోనుల గుర్తింపు సంఖ్యలను మార్చుటను నిషేధించు నియమములు వెలువడెను. తగవుపడిన రెండు సంస్థల సెల్‌ఫోను సేవలును నేడు లేవు.

ఆటపెట్టెకు సూటిగ వర్తించునది 2012లో కాపీరైటు శాసనమునకు చేర్చిన 65ఎ సెక్షను. అది ఆ సంవత్సరము జూన్ 21న అమలులోనికి వచ్చినది. హక్కులను కాపాడు సాంకేతిక అడ్డును, ఆ హక్కులను ఉల్లంఘించు ఉద్దేశముతో దాటినవానికి రెండేండ్లవరకు ఖైదును, జరిమానాయు విధింపవచ్చునని అది చెప్పును. ఇందులో బరువంతయు 'ఉద్దేశముతో' అను మాటమీద నున్నది. ఒకే చిప్పు, ఒకే సోల్డరు, అవే తీగలు. నకలు సి.డి.లను ఆడించుటకైనచో నేరము. న్యాయముగ కొన్న విదేశపు సి.డి.ని ఆడుకొనుటకో, తాను వ్రాసిన ప్రోగ్రామును నడుపుటకో ఐనచో, శాసనము వేరుగ నిషేధింపనంతవరకు నేరము కాదు. సంకేతలిపి పరిశోధనకును, కంప్యూటరు భద్రతను యజమాని అనుమతితో పరీక్షించుటకును ప్రత్యేకముగ మినహాయింపు లున్నవి. చిప్పు ఎరుగని తేడాను శాసనము మనుష్యుని మనసులో వెదకుచున్నదన్నమాట. మనసును చూచుటకు ఏ లేసరు కిరణమును లేదు గనుక, శాసనకర్తలు కాగితమును ఆశ్రయించిరి. న్యాయమైన పనికొరకు ఇతరుని యంత్రపు తాళమును తీసిపెట్టు వ్యక్తి, ఎవరికొరకు తీసెనో వారి పేరు, చిరునామా, గుర్తుపట్టుటకు కావలసిన తక్కిన వివరములు, ఏ ప్రయోజనమునకు తీసెనో ఆ ప్రయోజనము పూర్తిగ వ్రాసి భద్రపరుపవలెనని ఆ సెక్షనులోనే విధించిరి. కాకినాడలోగాని భీమవరములోగాని ఒక మెకానిక్కు ఎవరైనను తెచ్చిన పాత ప్లేస్టేషన్‌ను, వారివద్దనున్న జపాను సి.డి.లు ఆడుటకై విప్పినచో, సోల్డరింగు ఇనుము వేడెక్కులోపల అతడు ముందుగ తెరువవలసినది ఆ పుస్తకము.